కౌలు డబ్బుతో హంగరీ బాస్

డబుల్ బాస్ అంటే మనవాళ్ళలో చాలామందికి వెంటనే తట్టదు. "వయొలిన్ లాంటిదేనా?" అంటారు. "చెల్లోనా?" అంటారు. ఆర్కెస్ట్రాలో ఒక పక్కన చివర, మనిషికంటే ఎత్తుగా, ఎప్పుడూ అందరి వెనక గుమ్‌గుమ్‌మంటూ ఉండే పెద్ద వాయిద్యం అదే. నాలుగు తీగలు. అందులో లావుపాటి ఇ తీగ సెకనుకి దాదాపు 41 సార్లు కంపిస్తుంది. కచేరీ అయ్యాక వయొలిన్ వాళ్ళ దగ్గరికి వెళ్ళి మెచ్చుకునేవాళ్ళు ఉంటారు గాని, బాస్ వాళ్ళని వెతుక్కుంటూ ఎవరూ రారు. మా ఆర్కెస్ట్రాలో బాస్ వాయించేది ఇద్దరమే. ఏదైనా రిహార్సల్‌కి ఇద్దరం రాలేకపోయామా, ఆ రోజు ఏదో వెలితిగా ఉందని అందరూ అంటారట. ఏది వెలితో మాత్రం చెప్పలేరట.

మొన్న ఉగాది పార్టీలో పులిహోర వడ్డిస్తుంటే ఒకావిడ అడిగింది. "మీరు పదకొండు వేల డాలర్లు పెట్టి ఏదో వాయిద్యం కొన్నారటగా, పాపకా?" కాదు, నాకే అన్నాను. ఆవిడ గరిటె పట్టుకుని అలాగే చూసింది. ఆ సాయంత్రం మరో ఇద్దరు అడిగారు. ముగ్గురూ మొదట "పాపకా?" అనే అడిగారు. పార్టీలో నిలబడి చెప్పేంత చిన్న కథ కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మాది విజయనగరం. బీఎస్సీ ఎం.పి.సి. చదివాను. పెళ్ళయి క్లీవ్‌లాండ్ వచ్చి 11 ఏళ్ళు. డిపెండెంట్ వీసా, ఇల్లు, పాప. నా వయసిప్పుడు 36. నాలుగేళ్ళ కిందట పాపని వయొలిన్ క్లాసులో దింపి హాల్లో కూర్చుంటే, మూల ఒక బాస్ గోడకి ఆనించి ఉండేది. దాని జోలికి ఎవరూ వెళ్ళేవారు కాదు. ఒకరోజు టీచర్ నన్ను చూసి, "పెద్దవాళ్ళ కోసం మంగళవారాలు ఒక ఆర్కెస్ట్రా ఉంది, అన్నీ మొదటినుంచీ నేర్పిస్తారు, బాస్‌కే ఎవరూ దొరకడం లేదు, మీరు పొడుగ్గా ఉన్నారు కదా" అంది. నా ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు. మా ఊళ్ళో సంబంధాలు చూసే రోజుల్లో అమ్మకి నిద్ర పట్టనివ్వనిది ఈ ఎత్తే. అది ఒక అర్హత అవుతుందని విన్నది అదే మొదటిసారి. పొట్టివాళ్ళు కూడా బాస్ బ్రహ్మాండంగా వాయిస్తారని తర్వాత తెలిసిందనుకోండి.

మొదటి ఏడాది అద్దె బాస్. తర్వాత వాడిన ప్లైవుడ్ బాస్ ఒకటి 1,900 డాలర్లకి కొన్నాం. సిమాండిల్ పద్ధతి పుస్తకం ముందు పెట్టుకుని, ఉంగరపు వేలు, చిటికెన వేలు జంటగా ఒకే వేలులా నొక్కడం నేర్చుకున్నాను. బాస్ మీద స్వరాల మధ్య దూరం చాలా ఎక్కువ. అందుకే మెడ కింది భాగంలో ఆ రెండు వేళ్ళూ కలిసి పనిచేస్తాయి. బొటనవేలు నొప్పి, భుజం నొప్పి, వేళ్ళ చివర కాయలు. వంటింట్లో వేడి మూకుడు చెవులు పట్టుకున్నా చురుక్కుమనకపోవడం ఒక్కటే తక్షణ లాభం.

పోయిన సెప్టెంబరులో మా కండక్టర్ ఏప్రిల్ కచేరీకి పిల్లల కోసం సాన్-సాన్స్ "జంతువుల కార్నివాల్" వేద్దామన్నారు. 1886లో రాసిన ఆ సంగీతంలో "ఏనుగు" అని ఒక చిన్న భాగం ఉంది. పియానో తోడుగా డబుల్ బాస్ ఒక్కటే వాయించాలి. ఒకటిన్నర నిమిషం. అందులో ఒక హాస్యం ఉంది. బెర్లియోజ్, మెండెల్‌సన్ దేవకన్యలకోసం, యక్షిణులకోసం రాసిన సుకుమారమైన వరసల్ని తెచ్చి, ఇంత బరువైన వాయిద్యం చేత ఆడిస్తాడు. బాస్‌కి ఇలాంటి అవకాశాలు తక్కువ. కండక్టర్ ఆ భాగం నన్ను వాయించమన్నారు.

అక్టోబరులో హాల్లో ఒకసారి వాయించి చూశాం. పాప చివరి వరసలో కూర్చుని ఫోన్‌లో రికార్డు చేసింది. ఇంటికొచ్చి విన్నాం. పియానో స్పష్టంగా ఉంది. బాస్ మాత్రం పక్కింట్లో ఎవరో సోఫా జరుపుతున్నట్టుంది. నేను ఎంత గట్టిగా కమాను నొక్కితే అంత గరగర. "అమ్మా, ఏనుగు దుప్పటి కప్పుకుందా?" అని అడిగింది పాప.

ఇక్కడ నా పాత ఫిజిక్స్ కాస్త పనికొచ్చింది. ఇ తీగ 41 కంపనాల ధ్వనికి గాలిలో తరంగదైర్ఘ్యం 8 మీటర్లు పైనే. బాస్ ఎంత పెద్దదైనా దానిముందు చిన్న డబ్బా. కాబట్టి ఆ అట్టడుగు కంపనాన్ని అది బయటికి బలంగా పంపలేదు. మనం వినేది ఎక్కువగా దాని రెట్టింపులు, మూడింతలు, నాలుగింతలు. వాటిని పట్టుకుని మన చెవే అడుగుస్వరాన్ని పూర్తిచేసుకుంటుంది. ఆ పై కంపనాలు ఎంత శుభ్రంగా వస్తాయన్నది ముఖ్యంగా పై పలక మీద ఆధారపడి ఉంటుంది. ప్లైవుడ్‌లో పొరలు ఒకదానికొకటి అడ్డంగా అతికిస్తారు. గట్టిగా ఉంటుంది, పగలదు, బడి పిల్లలు తన్నినా తట్టుకుంటుంది. కాని ఆ పొరలూ వాటి మధ్య జిగురూ కంపనాన్ని మింగేస్తాయి. స్ప్రూస్ కర్ర అలా కాదు. పోగు వెంబడి చాలా బిగువు, పోగుకి అడ్డంగా మెత్తన, బరువేమో తక్కువ. ఆ చెక్కని వంపుగా చెక్కి, నడుమ మందంగా, అంచులవైపు పల్చగా తీస్తే తీగ కదలిక పలకంతా పరుచుకుంటుంది.

బాస్‌లు స్థూలంగా మూడు రకాలు. అంతా ప్లైవుడ్ ఒకటి. పై పలక ఒక్కటే చెక్కిన స్ప్రూస్, మిగతాది ప్లైవుడ్ అయితే హైబ్రిడ్. మొత్తం ఘనమైన చెక్కతో, అంటే పైన స్ప్రూస్, వెనకా పక్కలా మేపుల్‌తో చెక్కినది మూడోది. మూడోదానిలో మళ్ళీ ఫ్యాక్టరీ పని వేరు, చిన్న వర్క్‌షాపులో చేత్తో చేసినవి వేరు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసమాను దుంగని తొలిచి ఏకాండి వీణ చేయడం చిన్నప్పుడు నాన్నతో వెళ్ళి చూశాను. దుంగని వేళ్ళతో తట్టి, చెవి దగ్గరగా పెట్టి, మళ్ళీ ఉలి పట్టేవారు. చెక్కుడు పని అంటే నాకు ఆ తట్టడమే గుర్తొస్తుంది.

నవంబరులో రెండు గంటల దూరంలో బాస్‌లు మాత్రమే అమ్మే ఒక కొట్టుకి వెళ్ళాం. మావారు, పాప, నేను, మినీవ్యాన్‌లో సీట్లు మడిచి పడుకోబెట్టిన నా ప్లైవుడ్. కొట్టతనికి ఒక చిన్న ప్రయోగం చేద్దామన్నాను. నాలుగు బాస్‌లు: నాది, ఒక హైబ్రిడ్, ఒక ఫ్యాక్టరీ చెక్కుడు బాస్, హంగరీ నుంచి వచ్చిన చేతిపని బాస్. మావారు, పాప గోడవైపు తిరిగి కూర్చోవాలి. ఏ బాస్ ముందో కొట్టతను చీటీలు తీసి నిర్ణయించాలి. నేను ఒకే కమానుతో, ఒకే పదహారు బార్లు, మూడు విడతలు వాయిస్తాను. వాళ్ళు కాగితం మీద పదికి మార్కులు వెయ్యాలి. వాయించేదాన్ని నేనే కాబట్టి నాకు ఏదేమిటో తెలుస్తుంది. ప్రయోగంలో ఆ లోపం ఉందని ముందే ఒప్పుకున్నాను. కొట్టతను నవ్వాడు గాని చీటీలు రాశాడు.

పాప మూడుసార్లూ హంగరీ బాస్‌కే ఎక్కువ వేసింది. మావారు రెండుసార్లు దానికి, ఒకసారి హైబ్రిడ్‌కి. సంగీతం గురించి ఆయన ఎప్పుడూ పెద్దగా మాట్లాడరు. "ఇది మాట్లాడుతున్నట్టుంది, మిగతావి గొణుగుతున్నట్టున్నాయి" అన్నారు ఏది ఏదో తెలియకుండానే.

నా చేతికి తెలిసింది వేరు. నా ప్లైవుడ్ తీగ పొడవు 106 సెంటీమీటర్లు, దీనిది 104. రెండు సెంటీమీటర్లే కదా అనిపిస్తుంది. కాని ప్రతి స్వరానికీ వేళ్ళు సాచే దూరంలో ఆ తేడా వచ్చి కలుస్తుంది. మెడ నా అరచేతిలో ఇమిడింది. కమాను ఆనించగానే తీగ పలికింది, నెట్టక్కర్లేదు. మూడేళ్ళుగా నేను నా చేతిది బలహీనత అనుకుంటున్నదాంట్లో చాలా భాగం ఆ పెట్టెదని రెండు నిమిషాల్లో అర్థమైంది. ఇంకొకటి కూడా అర్థమైంది. ప్లైవుడ్ గొణుగుడులో వినపడని నా అపశ్రుతులు ఇందులో ఖణీమని వినపడ్డాయి. దీని దగ్గర నేర్చుకోవలసింది చాలా ఉందనిపించింది. సర్దుకుపోవడం నాకు బాగా వచ్చు. నాకు సరిపోయినది ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

ధర 11,500 డాలర్లు.

మావారు చెడ్డవారు కాదు, పిసినారి అంతకన్నా కాదు. తిరుగు ప్రయాణంలో గంటసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మూడు ప్రశ్నలు వేశారు. ఎన్నేళ్ళు వాయిస్తావు? అమ్మవలసి వస్తే ఎంతొస్తుంది? ఇది లేకపోతే ఏమవుతుంది?

మొదటిదానికి, వేళ్ళు ఆడినంతకాలం అన్నాను. రెండోదానికి కొట్టతను చెప్పిన మాట చెప్పాను: బాగా చూసుకుంటే ఇలాంటివి ప్లైవుడ్‌లా విలువ పోగొట్టుకోవు. మూడోదానికి నిజం చెప్పాలి కదా. ఏమీ అవదు. పాప ఫీజు ఆగదు. ఇంటి వాయిదా ఆగదు. ఏప్రిల్ కచేరీ కూడా ఆగదు, పాత బాస్‌తో ఏనుగు దుప్పటి కప్పుకునే నడుస్తుంది. ఇన్నేళ్ళుగా నాకు కావలసినవన్నీ సరిగ్గా ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయాయి. ఇండియా టికెట్ లేకపోతే అత్తగారు బాధపడతారు. కారు లేకపోతే ఆఫీసు ఉండదు. నాది లేకపోతే ఏమీ అవదు. పైగా నాకు జీతం లేదు. మా ఇంట్లో డబ్బు నీది నాది అని ఎప్పుడూ అనుకోలేదు, కాని అడగవలసి వచ్చినప్పుడు అడిగేది మాత్రం నేనే.

అమ్మకి వీడియోకాల్‌లో ఫొటో చూపించాను. "ఏటే అది, బీరువాలాగుంది?" అంది. ధర రూపాయల్లో చెప్పేసరికి కాసేపు మాట లేదు. "ఆ డబ్బుతో గాజులు చేయించుకుంటే రేపు పాపకైనా ఉంటాయి కదే." ఆ మాటలో తప్పేం లేదు. బంగారం అమ్మకి తెలిసిన ఒకే ఒక సొంత డబ్బు.

రెండు రోజుల తర్వాత తనే ఫోన్ చేసింది. పెళ్ళిలో పసుపు కుంకుమ కింద నాకు ఎకరం పొలం రాసిచ్చారు. దాని కౌలు ఏటా అమ్మే వసూలు చేసి, నా పేరున బ్యాంకులో వేస్తోంది. నేను ఎప్పుడూ లెక్క అడగలేదు. పదకొండేళ్ళది ఒక లక్షా ఎనభై వేలు దాటిందట. డాలర్లలో 2,100 చిల్లర. "అది నీ డబ్బే. దాంతో ఏం చేసుకుంటావో నీ ఇష్టం" అంది. తర్వాత ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్పింది. అమ్మమ్మ అమ్మకి ఇచ్చిన 70 సెంట్లు అన్నయ్య ఇంజనీరింగ్ సీటుకి అమ్మేశారు. అప్పుడు అమ్మని ఎవరూ అడగలేదు, అమ్మా ఏమీ అనలేదు. ఆ పొలం గట్టు మీద రెండు పనసచెట్లు ఉండేవట. నా ఎకరం కౌలు ఇంటి ఖర్చులో కలవనివ్వకుండా పదకొండేళ్ళు ఎందుకు విడిగా దాచిందో ఆ రోజు తెలిసింది.

ఆ రాత్రి మావారికి ఈ విషయం చెప్పాను. ఆయన చాలాసేపు ఊరుకుని, "నా కారు మార్చినప్పుడు ఆ మూడో ప్రశ్న నన్ను నేను వేసుకోలేదు" అన్నారు. తర్వాత కాగితం, పెన్ను తెచ్చారు. ప్లైవుడ్ బాస్ మార్పిడికి కొట్టతను ఇస్తానన్నది 1,400. కౌలు 2,100. వంటింటి గట్టు మార్పించడానికి పక్కన పెట్టినది 5,000. మిగతా 3,000 నెలకి 125 చొప్పున రెండేళ్ళ వాయిదాలు. వంటింటి గట్టు ఇప్పటికీ పాతదే. దాని మీద చపాతీలు ఒత్తుతుంటే నాకేమీ లోటుగా అనిపించదు.

డిసెంబరు మొదటివారంలో బాస్ ఇంటికొచ్చింది. ఎఫ్ ఆకారపు రంధ్రంలోంచి టార్చి వేసి చూస్తే లోపల చీటీ, చేత్తో రాసిన సంతకం, 2016, బుడాపెస్ట్. స్ప్రూస్ కార్పేథియన్ కొండలదని కొట్టతను చెప్పాడు. వెనక మేపుల్ మీద పులి చారల్లాంటి మెరుపు.

క్లీవ్‌లాండ్‌లో ఉన్నవాళ్ళకి హంగరీ కొత్త కాదు. ఒకప్పుడు ఇక్కడి బకాయ్ రోడ్ ప్రాంతమంతా హంగేరియన్లే. 1946 నుంచి 1970 వరకు క్లీవ్‌లాండ్ ఆర్కెస్ట్రాని నడిపి ప్రపంచ ప్రసిద్ధం చేసిన జార్జ్ సెల్ పుట్టింది బుడాపెస్ట్‌లోనే. మా పక్క వీధిలో 77 ఏళ్ళ హంగేరియన్ మామ్మగారు ఒంటరిగా ఉంటారు. 1956లో అక్కడ తిరుగుబాటు అణచివేసినప్పుడు ఆస్ట్రియా మీదుగా బయటపడిన దాదాపు రెండు లక్షల మందిలో, ఎనిమిదేళ్ళ పిల్లగా, ఆవిడ కూడా ఉన్నారు. బాస్ వచ్చిందని తెలిసి గసగసాల రోల్ పట్టుకుని చూడటానికి వచ్చారు.

ఆవిడ దాని భుజం మీద చెయ్యి వేసి ఒక మాట అన్నారు. నజ్‌బోగో. ఆ చివరి ఓ మన ఓ కాదు, పెదాలు గుండ్రంగా చుట్టి ఏ అనాలి. పాప పది సార్లు ప్రయత్నించింది. డబుల్ బాస్‌కి హంగేరియన్‌లో అదే పేరట. నజ్ అంటే పెద్ద. బోగ్ అంటే పశువు అరిచినట్టు అరవడం. వెరసి పెద్ద రంకె. వాయిద్యాలకి అందమైన పేర్లు పెట్టే ప్రపంచంలో ఇంత నిజాయితీగల పేరు నేను వినలేదు. పెళ్ళిళ్ళలో, పల్లెల్లో నాట్యాలకి వాయించే తీగవాయిద్యాల బృందంలో అడుగున ఈ రంకె లేకపోతే కాళ్ళు కదలవని చెప్పారు.

తర్వాత ఆవిడ రంధ్రంలోంచి లోపలికి చూపించారు. పై పలకకీ వెనక పలకకీ మధ్య నిలబెట్టిన గుండ్రటి చిన్న కర్ర. జిగురు ఉండదు, తీగల ఒత్తిడికే నిలబడుతుంది. దాన్ని కొద్దిగా జరిపితే చాలు, బాస్ గొంతు మారిపోతుంది. ఇంగ్లీషులో దాన్ని సౌండ్ పోస్ట్ అంటారు. హంగేరియన్‌లో లేలెక్, అంటే ఆత్మ. ఫ్రెంచివాళ్ళు, ఇటలీవాళ్ళు కూడా వాళ్ళ భాషల్లో ఆత్మ అనే అంటారు. నేను వెంటనే మన తంబురా గురించి చెప్పాను. మెట్టు మీద తీగ కింద చిన్న దారప్పోగు పెడతాం, దాన్ని ఒక వెంట్రుకవాసి జరిపితే నాదం విచ్చుకుంటుంది, దాన్ని మేం జీవ అంటాం. ఆవిడ జీవ, జీవ అని రెండుసార్లు అనుకున్నారు.

"మన సంగీతం ఉండగా ఈ వాయిద్యం ఎందుకు?" అని అడిగేవాళ్ళూ ఉన్నారు. ఏటా వసంతంలో త్యాగరాజ ఆరాధనకి వేలమంది చేరే ఊరు మాది. 1978 నుంచి జరుగుతోంది. నేనూ వెళ్తాను, పంచరత్నాలప్పుడు వెనక వరసలో కూర్చుని గొంతు కలుపుతాను. అక్కడ వేదిక మీద ప్రతి గాత్రం పక్కనా ఉండే వయొలిన్ కూడా యూరప్ నుంచి వచ్చిందే. ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దాన్ని మన సంగీతంలోకి తెచ్చారు. మా విజయనగరం సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామి నాయుడుగారు పాఠం చెప్పింది ఆ వాయిద్యం మీదే. ఇప్పుడది ఎవరిదని అడుగుతాం?

ఇక చలికాలం. చెక్కుడు బాస్ కొనాలనుకునేవాళ్ళు ఈ భాగం జాగ్రత్తగా చదవండి. ప్లైవుడ్‌కి చలికాలం పెద్ద లెక్క కాదు. ఘనమైన స్ప్రూస్ మాత్రం గాలిలో తేమని బట్టి పోగుకి అడ్డంగా ఉబ్బుతుంది, ముడుచుకుంటుంది. ముడుచుకోవడానికి చోటు లేకపోతే పగులుతుంది. 40, 50 శాతం మధ్య తేమ ఉంటే దానికి సుఖం. జనవరిలో హీటర్ వేసిన మా హాల్లో మీటరు 22 చూపించింది. కుక్కర్ పెట్టి పప్పు ఉడికిస్తున్న వంటింట్లో 45. రెండు రోజులపాటు బాస్‌ని వంటింటి గుమ్మంలో నిలబెట్టాను. మావారు దాన్ని పక్కకి తప్పుకుంటూ కాఫీకి వచ్చేవారు. తర్వాత ఒక పెద్ద హ్యూమిడిఫైయర్ కొన్నాం. ఎఫ్ రంధ్రాల్లోంచి తడి స్పాంజి గొట్టాలు వేలాడదీశాం. పొద్దున్నే లేచి పాప ముందు మీటరు చూసి అంకె అరుస్తుంది, మా ఇంట్లో అదే సుప్రభాతం.

అయినా ఫిబ్రవరిలో ఒకరోజు ఎ తీగ మీటగానే ఎక్కడో తేనెటీగ చప్పుడు. నా గుండె జారింది. రిపేరు చేసే అతను పిడికిలితో అంచులంతా తట్టుకుంటూ వచ్చి, కింది అంచు దగ్గర ఆగాడు. అక్కడ అతుకు జానెడు మేర విడింది. చెక్క పగల్లేదు. "దాని పని అది చేసింది" అన్నాడు. ఈ వాయిద్యాలని జంతువుల చర్మంనుంచి తీసిన జిగురుతో అతికిస్తారు. పై పలక అతుకుల్లో దాన్ని కావాలనే పల్చగా వాడతారు. ఒత్తిడి ఎక్కువైతే ముందు జిగురు విడిపోవాలి, చెక్క మిగలాలి. వేడినీళ్ళ తడితో మెత్తబరిచి మళ్ళీ అతికించుకోవచ్చు. 90 డాలర్లతో పోయింది. అవసరమైనప్పుడు విడిపోయేలా కట్టడం కూడా ఒక నేర్పని ఇంజనీర్లు ఒప్పుకుంటారనుకుంటాను.

ఏప్రిల్ కచేరీ ఒక బడి ఆడిటోరియంలో జరిగింది. ముందు వరసంతా పిల్లలు. ఏనుగు వంతు వచ్చింది. పియానో మూడేసి మాత్రల లెక్కలో నడక మొదలుపెట్టింది, నేను కమాను ఆనించాను. ఈసారి ఏనుగు దుప్పటి కప్పుకోలేదు. ఐదో బార్ దగ్గర ఒక నాలుగేళ్ళ పిల్లాడు లేచి నిలబడి, చెయ్యి ముక్కు ముందు తొండంలా పెట్టుకుని ఊగడం మొదలుపెట్టాడు. వాళ్ళమ్మ కూర్చోబెట్టబోయింది, వాడు కూర్చోలేదు. ఒకటిన్నర నిమిషం అయిపోయింది. మావారు కారులో నిమిషానికి ఎంత పడిందో లెక్క కట్టబోయి, పాప చూపు చూసి ఆపేశారు.

ఆ రాత్రి వీడియో అమ్మకి పంపాను. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినమన్నాను, ఫోన్ స్పీకర్‌లో బాస్ ఎక్కడా వినపడదు. విజయనగరంలో అప్పటికి తెల్లారింది. "అచ్చం గుళ్ళో ఏనుగు నడిచినట్టే ఉందే" అంది. రెండోసారి చూసి, "నువ్వు కిందకి చూడకుండా నిలబడ్డావు, బాగుంది" అంది. పొడుగ్గా కనపడకూడదని నేను చిన్నప్పుడు భుజాలు వంచి నడిచేదాన్ని. అమ్మకి అది గుర్తుంది.

మీలో ఎవరైనా పిల్లలకోసమో మీకోసమో వాయిద్యం మార్చాలనుకుంటే నాకు పనికొచ్చిన నాలుగు మాటలు చెప్తాను. మొదట అద్దెకి తీసుకోండి, ఏడాది ఆగండి. కొనేటప్పుడు మీ పాత వాయిద్యం వెంట తీసుకెళ్ళండి, అది పక్కన లేకపోతే కొత్తవన్నీ బాగున్నట్టే ఉంటాయి. వినేవాళ్ళని గోడవైపు తిప్పి కూర్చోబెట్టండి, ధర చూడకుండా చెవి చెప్పే మాట వేరేగా ఉంటుంది. ఇంటికి తెచ్చి వారం పదిరోజులు వాయించి చూసుకోవడానికి ఒప్పుకునే కొట్టు వెతకండి. ఖర్చు లెక్కలో హ్యూమిడిఫైయర్, బీమా, ఏటా ఒక రిపేరు కలుపుకోండి. ఇల్లాలికి కావలసిన వస్తువైతే, "ఇది లేకపోతే ఏమవుతుంది" అన్న ప్రశ్న ఇంట్లో అందరి వస్తువులకీ ఒకే కొలతతో వేస్తున్నారో లేదో కూడా చూసుకోండి.

నెల వాయిదాలు ఇంకా చాలా ఉన్నాయి. ఇ తీగ కాస్త నిస్తేజంగా పలుకుతోంది, కొత్త తీగల సెట్టు రెండు మూడు వందల డాలర్లు. పోయిన ఆదివారం అమ్మ ఫోన్ చేసి, ఈ ఏడాది కౌలు వచ్చిందని చెప్పింది. బ్యాంకుకి వెళ్ళేముందు అడుగుతోందట, "నీ రంకె పెట్టెకి ఏమైనా కావాలేటి?"

తీగలు కావాలని చెప్పాను.